చాయ్ రంగు డాంబర్

"మామా, రోడ్లకు ఏసే డాంబర్ల ఎన్ని రకాలుంటయి? నువ్వు చూసినయన్నీ చెప్పు. ఇగో, ఫోన్ల రికార్డు పెట్టిన."

పెట్టు, మంచిగ దగ్గర పెట్టు. ఆ ఫ్యాన్ జర తగ్గియ్యి, లేకుంటె నా మాటకంటె దాని గరగరే ఎక్కువ ఇనవడ్తది.

ఎన్ని రకాలా? మూడేండ్లు పాలిటెక్నిక్ల కూసోని చదివితివి, నీ బుక్కుల లేదా? ఉంటది, నాకెర్క. నన్నెందుకు అడుగుతున్నవో కూడ ఎర్కే. సోమారం నుంచి ఉప్పల్ల రోడ్డు పని మీద డ్యూటీ. ఇగ నువ్వే సైటు ఇంజనీర్ సుజాత మేడం. నెత్తిమీద టోపీ పెట్టుకొని నిలబడ్తవు, నా అసొంటోళ్లు ఇరవై మంది నువ్వేం చెప్తవో అని నీ మొఖం దిక్కు చూస్తరు. వాళ్ల ముందట తెల్వకుంట నిలబడొద్దని ఈ ముసలోని కాడికి వచ్చినవు. మంచిదే. కని మేనమామ గద, తియ్యగ చెప్తడనుకోకు. డాంబర్ ముచ్చట వస్తె నా గొంతు దానంతట అదే లేస్తది. నీ మీద కాదు బిడ్డా. ఎవని మీదనో చెప్త. నా మీద కూడ ఉన్నది, అది ఆఖరికి చెప్త.

ఆ కిటికీల నల్లటి పెళ్ల ఉంది చూడు, అది ఇటు తే. జర పైలం, బరువుంటది. మీ అత్త దీన్ని పారెయ్యమని ఎన్నిసార్లు కొట్లాడిందో. ఉండనీ అన్న. ఇది నాచారం రోడ్డు. అవును, రోడ్డే. నీ చేతులనే పెట్టుకో.

మేము పాలమూరు దిక్కుకెళ్ళి వచ్చినం, అది నీకు తెలిసిందే. మొదలు కంకర కొట్టిన, తర్వాత తట్ట మోసిన, తర్వాత బాయిలర్ కాడికి వచ్చిన. బాయిలర్ అంటె ఇప్పుడున్న పెద్ద ప్లాంటు అనుకోకు. చక్రాల మీద ఒక ఇనుప తొట్టి, కింద పొయ్యి, పక్కకు ఒక నల్లా. డ్రమ్ము పలగ్గొట్టి గడ్డలు అందుల ఏసి, కింద కట్టెలు పెట్టి కరగబెడ్తం. కాళ్లకు గోనెగుడ్డ చుట్టుకొని దాని మీదికెళ్ళి టైరు చెప్పులు. ఆ సెగకు నా కనుబొమ్మల వెంట్రుకలు పోయినయి పోయినట్టే, మళ్ల రాలే. అప్పట్ల చాయ్ రెండు రూపాయలు, హబ్సిగూడ కాడ ఇరానీ హోటల్ల, గిలాసు నిండ పోసెటోడు, ఇప్పటి లెక్క మందు మోతాదుల కాదు. ఆ చాయ్ మీదనే మాపటి దాక నిలబడేది.

మా గుంపుల పన్నెండు మంది, అందరు మనోళ్లే. నేను బాయిలర్ మేస్త్రిని. మీ అమ్మ మణెమ్మ నాకంటె పద్నాలుగేండ్లు చిన్నది. మీ నాయిన పోయినంక నిన్ను చంకనేసుకొని నా కాడికే వచ్చింది. పనిల పెట్టింది నేనే. అది యాదిల పెట్టుకో.

ఆఁ, రకాలు. మొదట్ల డ్రమ్ము మీద ఎనభై–వంద అని ఉండేది. తర్వాత అరవై–డెబ్బై. నాకు ఇంగ్లీషు రాదు కని అంకెలు వస్తయి. మొన్న నువ్వే చెప్పినవు, సూది గుచ్చి ఎంత లోతు దిగుతదో చూసి ఆ అంకెలు ఏస్తరని. మాకు సూది ఏడిది? బొటనేలే సూది. ఎనభై–వంద మెత్తది. ఏలుతోని ఒత్తితె గుంత పడ్తది. ఎండకాలం ఉప్పల్ చౌరస్తల బస్సులు బ్రేకు కొట్టేకాడ అది ఏస్తే, నెల తిరక్కముందే రోడ్డు ముడతలు పడ్తుండె, తడి చీర ముద్దజేసి పడేసినట్టు. అరవై–డెబ్బై గట్టిది, బరువు మోస్తది. నాచారం ఫ్యాక్టరీల లారీలకు అదే సరి. ఇప్పుడు ఆ అంకెలు పోయి వీజీ ముప్పై అని ఏదో వచ్చిందంటివి. పేరు మారుతె మారింది. మీదపడితె కాలేది గట్లనే కాల్తది.

తర్వాత రబ్బరు కలిపిన డాంబర్ అని వచ్చింది. మస్తు గట్టిది, సిగ్నళ్ల కాడ, ఫ్లైఓవర్ల మీద ఏస్తరు. దాన్ని కలపడానికే చేతులు పడిపోతయి.

ఇగ ఏ పనికి ఏది అంటవా? కంకర పరిచి, రోలర్ తొక్కినంక, దుమ్ము ఊడ్చి ముందుగాల పల్చటి డాంబర్ జల్లాలె. పొద్దుగాల వాకిట్ల సాన్పి జల్లుతరు గద, గట్ల. మడుగు కట్టొద్దు, కంకర దాన్ని తాగాలె. దానికి డాంబర్ల కిరసనాయిల్ కలిపి పల్చగ జేస్తరు, అది లెక్క ప్రకారం జేసే పనే, నీ బుక్కుల కూడ ఉంటది. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు ఏసేటప్పుడు నడుమ ఇంకొక పూత. అది బంక. అది లేకుంటె కొత్త రోడ్డు పాత రోడ్డు మీద చాప పరిచినట్టు ఉంటది, మొదటి వానకే లేస్తది. దాని మీద కంకర, వేడి డాంబర్ కలిపిన మిక్చర్. మిక్చర్ మీద వాన నీళ్లు దిగకుంట సన్న చిప్స్ తోని ఆఖరి పూత. గింతే రోడ్డంటె. గింత సుతి తప్పకుంట జేస్తె పదేండ్లు ఉంటది. ఎందుకుంటలేదో చెప్పాల్నా?

దొంగలు బిడ్డా, దొంగలు. కిరసనాయిల్ పల్చటి పూతకు గదా? మిక్చర్ డాంబర్ల కూడ పోస్తుండిరి. డబ్బాలకు డబ్బాలు. డాంబర్ తక్కువ పడ్తది, కలపడం అల్కగ అయితది. షెడ్లల్ల లారీలకెళ్ళి తీసిన పాత ఇంజన్ ఆయిల్ కూడ పోసిన్రు. నలుపుల నలుపు, ఎవనికి కనవడ్తది? నాకు కనవడ్తుండె. ముక్కుకు తెలుస్తది. రాయి మీద చుక్క ఏసి ఏలుతోని లాగితె దారం లెక్క సాగాలె. కల్తీది సాగకుంట జిడ్డు జిడ్డుగ జారుతది. మాడినదైతె పుటుక్కున తెగుతది, పొగ పచ్చగ వస్తది, ముక్కు మండుతది. రోలర్ నడిపే యూసుఫ్ భాయ్ ఉండె గద, ఆయన నన్ను "ముక్కు ఇంజనీర్" అనేది. "సర్కారుకు చెప్పు రాములు భాయ్, లేబరేటరీ ఎందుకు, మా ముక్కు ఇంజనీర్ ఉన్నడు, ఒక్క వాసన చూస్తడు, రిపోర్టు ఇస్తడు."

ఒకసారి, రెండుసార్లు, చెప్పిన. కాంట్రాక్టర్ కాడికే పోయి, "సేటు, ఈ మాల్ల ఆయిల్ ఉంది, రోడ్డు నిలబడది" అని చెప్పిన. ఆయన ఏమన్నడు తెలుసా? కార్ల కూసోని, అద్దం సగమే దించి, "నువ్వు మంట పెట్టెటోనివి. మంట పెట్టు" అన్నడు. అంతే, అద్దం మీదికి. ఆ మాట అప్పుడే నా లోపల గడ్డ కట్టింది. తర్వాత ఎవ్వన్నీ ఏమీ అడగొద్దనుకున్న. నాకు తెలిసింది నాది, నా బాయిలర్ నాది. గదే... గదే పొరపాటు. ఉండు, వస్తున్న.

ముందుగాల వానకాలం డ్రమ్ముల ముచ్చట చెప్పాలె. లేకుంటె నీకు అర్థం కాదు. డ్రమ్ములు బయట పెడ్తరు. మూతలు తుప్పు పట్టి వాన నీళ్లు లోపలికి పోతయి. నీళ్లున్న డాంబర్ కాగబెడ్తె పటపట మంటది, నురుగు లేస్తది. మేమేం జేస్తుంటిమి? మంట తగ్గించి, కొంచెం కొంచెం ఏసి, పొడుగు కట్టెకు కట్టిన చీపురుతోని నురుగును కొట్టుకుంట, నీళ్లన్నీ ఎగిరిపోయేదాక ఆగుతుంటిమి. గంటనో రెండు గంటలో. నురుగు అణిగి డాంబర్ అద్దం లెక్క మెరిస్తె నీళ్లు పోయినట్టు. గది మా పద్ధతి. ఏ బుక్కుల ఉండదు. ఇరవై ఏండ్లు గట్లనే జేసిన, ఒక్కరికి కూడ ఏం కాలే.

ఇగ ఆ రోజు.

స్టేడియం కట్టిన కొత్తల. వానలు తగ్గినయి, నాచారంకెళ్ళి హబ్సిగూడ దిక్కు పోయే రోడ్డు మీద మిక్చర్ పని. మంగళారం... కాదు, బుధారం, మంగళారం నాడు యూసుఫ్ రాలే, ఆయన వచ్చిన నాడే అయింది. నువ్వు ఆరో తరగతి, బడికి పోయినవు. పొద్దుగాల రోలర్ కింద నిమ్మకాయ పెట్టినం. బాయిలర్ల మిక్చర్ కోసం డాంబర్ సగం దాక మరుగుతుంది. గప్పుడు లారీల కొత్త డ్రమ్ములు దిగినయి. నడుమ పూత, బంక అన్న గద, దాని కోసమట. అంతకుముందైతె దానికి కూడ వేడి డాంబరే కొట్టేది మేము.

డ్రమ్ము అసొంటి డ్రమ్మే. మీద ఎనభై–వంద లేదు, అరవై–డెబ్బై లేదు. ఏవో రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒకటి అంకె, కింద సన్నగ చీమలు పాకినట్టు ఇంత పొడుగు రాత. మూత తీసిన. లోపల నల్లగ లేదు బిడ్డా. చాయ్ రంగు. పల్చగ, పాలు ఎక్కువైన చాయ్ లెక్క. యూసుఫ్ రోలర్ మీదికెళ్ళి తొంగిచూసి, "వారేవా, సేటుకు ఇన్నేండ్లకు దయ వచ్చింది, డ్రమ్ము చాయ్ పంపిండు! బిస్కెట్లు ఏడ?" అన్నడు. అందరు నవ్విన్రు. మీ అమ్మ కూడ నవ్వింది. "అన్నా, నాకు చక్కెర తక్కువ" అన్నది.

నేను నవ్వలే. నా ఒళ్లు మండింది. దొంగ నా కొడుకు, కిరసనాయిల్ పోసిండు, ఆయిల్ పోసిండు, ఇప్పుడు ఏకంగ నీళ్లే పోసిండు అనుకున్న. అనుకోనా మరి? అన్నేండ్లు ఏం చూసిన నేను? ఒక్క డ్రమ్మన్న సక్కనిది వస్తె గదా, కొత్తది వచ్చినప్పుడు ఇది మంచిదేమో అనిపించేది!

సైటు సారు ముప్పై అడుగుల దూరంల నీడకు నిలబడి ఉన్నడు. నీ ఈడే ఉంటడు, ఇంకో రెండేండ్లు ఎక్కువ. ఫోన్ల మాట్లాడుతుండు. పోయి "సారూ, ఇదేంది" అని ఒక్క మాట అడిగితె అయిపోయేది. ముప్పై అడుగులు. నేను పోలే. "మంట పెట్టెటోనివి, మంట పెట్టు" అంటడు, ఎందుకు పోవాలె? నాకు తెల్వదా నీళ్లు కలిసిన డాంబర్ ఏం జెయ్యాలెనో? కాగబెట్టి నీళ్లు ఎగరగొట్టాలె. గంతే.

"మంట తగ్గియ్యిండ్రి" అన్న. రెండు బకెట్లు ముంచి, మరిగే డాంబర్ల పోసిన.

మీ అమ్మ నల్లా కాడ వంగి డబ్బా పట్టుకొని ఉంది.

పాలు పొంగినట్టు అంటరు గద అందరు. పాలు మనకు టైం ఇస్తయి బిడ్డా. అంచు దాక వస్తయి, మనం చూస్తం, ఉరుకుతం. ఇది ఇయ్యలే. చీపురు నా చేతులనే ఉంది, పైకి లేపలే కూడ. ఒక్కసారి బుస్సుమని తొట్టి మొత్తం లేచి బయటికి వచ్చింది. ఇన్ని నీళ్లు ఒక్క డ్రమ్ముల ఉంటయని నాకెట్ల ఎర్క? వాన నీళ్లైతె పైన తేలుతయి, కింద గడ్డ ఉంటది. ఇందుల నీళ్లు, డాంబర్ కలిసిపోయి ఉండె, పాలల్ల వెన్న లెక్క.

మీ అమ్మ కేక పెట్టలే. "అన్నా" అన్నది. ఒక్కసారే.

రెండు చేతులు, మోచేతుల దాక నల్లగ. యూసుఫ్ రోలర్ మీదికెళ్ళి దునికి నీళ్ల డ్రమ్ముల చేతులు ముంచిండు ఆమెవి. నేను పీకబోయిన, ఆయన నన్ను తన్నిండు. నిజంగనే కాలుతోని తన్నిండు. "పీకకు, తోలు వస్తది, నీళ్లు పొయ్యి!" అని. మంచి పని జేసిండు. ఆ ఏళ్లు ఆ మాత్రం ఉన్నయంటె ఆయన దయనే.

గప్పుడు ఉరికొచ్చిండు సారు. వచ్చి ఏమన్నడు? "ఎవడు వేడి జేసిండు దీన్ని? ఇది ఎమల్షన్! చల్లగనే కొట్టేది! వేడి జేస్తె పొంగుతదని తెల్వదా?"

ఆయనకు తెలుసు. ఇంటున్నవా, ఆయనకు తెలుసు! డ్రమ్ముల ఏముందో తెలుసు, కాగబెట్టొద్దని తెలుసు, మాకు తెల్వదని కూడ తెలుసు. లారీ దిగినప్పుడు ఆడనే ఉన్నడు. "రాములూ, ఇది కొత్త మాల్, పొయ్యి మీద పెట్టొద్దు." ఎన్ని మాటలు ఇవి? లెక్కపెట్టు. ఆ ఫోన్ల ఎన్ని మాటలు మాట్లాడి ఉంటడు? నేను ఆయన అంగి గల్ల పట్టుకున్న. "ఎందుకు చెప్పలే సారూ" అన్న. "డ్రమ్ము మీద రాసుంది కదా" అన్నడు. డ్రమ్ము మీద రాసుందట! నేను నలభై ఏండ్లు ఈ ఊరి రోడ్లు ఏసిన, ఒక్క డ్రమ్ము మీద ఒక్క తెలుగు అక్షరం చూడలే.

మొన్న రాష్ట్రం వచ్చింది. సంబురమే. నేను కూడ ఉప్పల్ చౌరస్తల మోకాళ్లు నొస్తున్నా నడిచిన, రంగు చల్లుకున్న. కని మొన్న మీ సైటు ముందటికెళ్ళి పోతుంటె ఆగి చూసిన. డ్రమ్ములున్నయి. ఇంగ్లీషే ఉంది.

నీళ్లు తాగుత, ఉండు.

పెద్ద దవాఖానాల నర్సులు నూనె రాసుకుంట, రాసుకుంట, మూడు దినాలు తీసిన్రు ఆ డాంబర్. రెండోనాడు కాంట్రాక్టర్ మనిషి ఒకడు వచ్చిండు, కాయితం పట్టుకొని. తెలుగుల రాసి ఉండె. అగో, అది మాత్రం తెలుగుల రాయొచ్చింది వాళ్లకు! అచ్చమైన తెలుగుల, నేను కూడబలుక్కొని చదివిన. "కూలీ మణెమ్మ, మేస్త్రి వద్దని హెచ్చరించినా వినకుండా బాయిలర్ దగ్గరకు వెళ్లి కాలిన గాయాల పాలైనది." కింద మేస్త్రి సంతకం కోసం ఇంత జాగ.

"పెట్టు" అన్నడు. "పెడితె రేపు మీ పన్నెండు మంది పనికి రండి. లేకుంటె వేరే గుంపు తయారుంది. ఇంకొకటి కూడ ఆలోచించు, వేడి జేసింది నువ్వే కదా. పోలీసోళ్లకు ఆ ముచ్చట చెప్పమంటవా?"

పెట్టిన.

పన్నెండు మంది కోసం పెట్టిన అని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకున్న. ఇయ్యాల నీ ఫోన్ల చెప్తున్న, గట్ల కాదు. భయపడి పెట్టిన. నా కోసం పెట్టిన.

వాడు ఆడితోని ఊకోలే. లోపలికి పోయి మంచం కాడ మీ అమ్మకు చెప్పిండు, "మీ అన్న వద్దన్నా ఇనలేదంట కదమ్మా" అని. మీ అమ్మ నా దిక్కు చూసింది. చేతులకు కట్లు, మొఖం ఇంత ఉబ్బింది, కండ్లు మాత్రం తెరిచి ఉన్నయి. "వద్దన్నవా అన్నా? నాకు ఇనవళ్లే. రోలర్ చప్పుడుండె గద" అన్నది.

నేను తల కిందికేసుకున్న.

అప్పటికెళ్ళి ఎవరడిగినా అదే చెప్తది. నువ్వు కూడ ఇన్నవు గద? పెండ్లిళ్లల్ల, బంధువులల్ల, ఆ చేతులు చూసి అయ్యో అంటె, "నా తప్పేనమ్మా, మా అన్న వద్దన్నడు, నేనే ఇనలే" అని నవ్వుతది. తొమ్మిదేండ్లు. నేను పక్కనే కూసోని ఉంట.

ఏందీ? ఏడుస్తున్నవా? ఏడువు. కోపం వస్తె కోపం కూడ చెయ్యి, నన్ను తిట్టు, నాకేం కాదు. ఎవరో ఒకరు తిట్టాలె.

నీకు యాదికుందా, అప్పుడు నీకు జడలు ఏసింది నేనే. మీ అమ్మ ఏళ్లు ముడుసుకపోయె, మీ అత్త పొద్దుగాలనే పనికి పోయె. నేను కూసోని ఏస్తుంటి. ఒకటి మీదికి, ఒకటి కిందికి. నీ నెత్తిల నూనె కంటె నా ఏళ్ల డాంబర్ వాసనే ఎక్కువ. బడిల పిల్లలు "రోడ్డు జడ, రోడ్డు జడ" అని నవ్విన్రని ఏడ్సుకుంట వచ్చినవు. నేనప్పుడు "ఎవడన్నడు చెప్పు, చెవులు పిండుత" అని లేచిన. నా చెవులు ఎవరు పిండాలె?

ఇంకొక ముచ్చట. అసలు మంటెక్కేది గీడ. ఆ డ్రమ్ములు పారేసిన్రనుకున్నవా? లేదు. నాలుగోనాడు అదే మాల్ తోని పని జేసినం. చల్లగనే, చీపుర్లతోని కొట్టినం. అప్పుడు వచ్చి నేర్పిండు సారు, నెమ్మదిగ, బడిల చెప్పినట్టు. "చాయ్ రంగు ఉన్నంతసేపు మిక్చర్ ఎయ్యొద్దు. నీళ్లు పోయి నల్లగ తిరిగినంకనే ఎయ్యాలె." అందరం రోడ్డు పక్కన కూసోని చూసినం, చాయ్ రంగు మెల్లగ నల్లగ తిరుగుతుంటె. మంట లేదు, పొగ లేదు, ఏ చెయ్యి కాలదు. మంచి మాల్ బిడ్డా అది. నా జన్మల గంత మంచి మాల్ రాలే సైటుకు. దొంగ మాల్ ఇన్నేండ్లు పంపి పంపి, ఒక్కసారి మంచిది పంపిన్రు, దాన్ని దొంగదనుకొని నేను పొయ్యి మీద పోసిన.

పోయినేడు నీళ్ల పైపుల కోసం ఆ రోడ్డు తవ్విన్రు. నేను పోయి అంచున నిలబడి చూసిన. గడ్డపారతోని కొడ్తున్నరు, మిగతా రోడ్డంత పేర్చిన అట్ల లెక్క పొరలు పొరలుగ లేస్తుంది. మేము ఆ చాయ్ రంగు మాల్ కొట్టిన జాగ మాత్రం లేస్తలేదు. రెండు పొరలు కలిసి ఒకటే రాయి. ఆ పొల్లగాడు, గడ్డపార పట్టినోడు, "ఎవడేసిండో తాతా, వాని చేతులు బంగారం" అన్నడు. ఒక పెళ్ల అడుక్కొని తెచ్చుకున్న. గదే, నీ చేతుల ఉన్నది. నడుమ సన్నగ గీత కనవడ్తుందా? లేదు గద. గది రోడ్డంటె. గిదే మాల్‌కు చేతులు కాలినామె అన్నం ముద్ద చేసుకోరాక చెంచతోని తింటది.

ఇప్పుడు ఇను, నువ్వు అడిగిన రకాలు అయిపోయినయి, నేను చెప్పేది ఒక్కటే ఉంది. సోమారం పోతవు. టోపీ పెట్టుకో, బూట్లు ఏస్కో. కని సైటు మీద ఏ డ్రమ్ము దిగినా మూత తియ్యకముందే గుంపును పిలువు. మొత్తం గుంపును, తట్ట మోసే ఆడోళ్లను కూడ, మేస్త్రిని ఒక్కన్నే కాదు. ఇది ఇది, దీన్ని కాగబెట్టాలె, దీన్ని కాగబెట్టొద్దు, ఇంత వేడి దాటొద్దు, అని తెలుగుల చెప్పు. మళ్ల వాళ్లతోని చెప్పియ్యి. సున్నంతోని డ్రమ్ము మీద పెద్దగ నువ్వే రాయి, 'చల్లది' అని. ముసలి మేస్త్రి ఒకడు ఉంటడు, నా అసొంటోడు, అన్ని తెలుసన్నట్టు మొఖం పెట్టుకొని, నిన్ను లెక్కజెయ్యడు, ఆడపిల్ల ఏం చెప్తదని. వాని కాడికి నువ్వే నడిచిపో. ముప్పై అడుగులు వాడు రాడు. నువ్వే పో. ఎందుకు రాడో నీకు ఇప్పుడు తెలుసు.

ఇంక కాయితాలు. నీ ముందటికి కూడ గసొంటి కాయితం వస్తది, ఏదో ఒకనాడు. వాళ్ల తప్పని రాయమంటరు. నీ సంతకం అడుగుతరు. అప్పుడు మీ అమ్మ చేతులు కండ్ల ముందట పెట్టుకో. మిగతాది నీ ఇష్టం, నీ ఉద్యోగం నీది, నేను గంత పెద్ద మాట చెప్పేటోన్ని కాదు. పెట్టినోన్ని నేను.

చల్లగుండు బిడ్డా. నువ్వు చల్లగుండు, నీ కింద పనిజేసేటోళ్ల చేతులు చల్లగుండాలె. ఇంకేం దీవిస్త నేను.

ఏమంటున్నవు? అమ్మకు చెప్పినవా అంటవా? లేదు. చెప్పలే. గందుకే ఫోన్ పెట్టుమన్న గద దగ్గర. నువ్వు ఇంటికి పోయినంక ఆమెకు ఇనిపియ్యి, నేను లేనప్పుడు. నా మొఖం చూసుకుంట ఇంటె ఆమె నన్నే ఓదారుస్తది, నాకెర్క. మణెమ్మ గట్లనే చేస్తది.

అగో, గేటు. మీ అమ్మనే వచ్చినట్టుంది, చెప్పులు గట్ల ఈడుస్తది ఆమెనే. నీ కోసమే వచ్చి ఉంటది. బంద్ చేస్తవా ఫోన్? ఉండు... ఉండు, బంద్ చెయ్యకు. ఫోన్ల ఇనిపిచ్చుడేంది, థూ, మళ్ల అదే భయం. కుర్చీ ఇటు గుంజు. నా పక్కకు కాదు, ముందటికి.

మణెమ్మా, రా, గిట్ల కూసో. ఆ సంచి కింద పెట్టు. చాయ్ తర్వాత, ముందుగాల కూసో. గట్ల నవ్వకు జర, నీకొక మాట చెప్పేదుంది. ఆ రోజు బాయిలర్ కాడ... నీకు ఇనవడక కాదు మణెమ్మా. రోలర్ చప్పుడు కాదు. నేను వద్దనలే. నేనసలు...